ఫోమ్ రిసీవర్ మోడల్‌లో 92 శాతం ఎఫిషియెన్సీ: తప్పు మెష్‌లో లేదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అనంతపురం దగ్గర సోలార్ టవర్ పెడితే ఎలా ఉంటుందన్నది మీ ఎంటెక్ ప్రాజెక్టు. టవర్ మీద, అద్దాలు పంపే ఎండని పట్టి గాలిని వేడిచేసే సిలికాన్ కార్బైడ్ ఫోమ్ రిసీవర్: మందం 50 మి.మీ., పోరోసిటీ (ఖాళీ భాగం) 0.85, రంధ్రం 1.5 మి.మీ. ముందు ముఖం మీద పడే ఎండ చదరపు మీటరుకు 600 కిలోవాట్లు, లోపలికి పీల్చే గాలి చదరపు మీటరుకు సెకనుకు 0.78 కిలోలు. ఫోముకూ గాలికీ కలిపి ఒకే ఉష్ణోగ్రత పెట్టి, రేడియేషన్‌ని రోసెలాండ్ పద్ధతిలో, అంటే అదీ ఒక కండక్షనే అన్నట్టు, చేర్చారు. గాలి 700 డిగ్రీల దగ్గర బయటికి వస్తోంది, ముందు ముఖం 480 దగ్గరే ఉంది, ఎఫిషియెన్సీ (పడిన ఎండలో గాలికి అందిన వంతు) 92 శాతం. ఇది కుదరదని గైడ్ అంటున్నారు. మెష్, అంటే లెక్కకోసం ఫోముని విడగొట్టిన సెల్స్, ఎంత సన్నం చేసినా అంకెలు కదలడం లేదు.

గైడ్ చెప్పిందే సరైనది. అయితే మీ కోడ్‌లో లెక్క తప్పు లేదు. 480 డిగ్రీలంటే 753 కెల్విన్లు. ఆ వేడి దగ్గర ముఖం బయటికి వెదజల్లేది చదరపు మీటరుకు సుమారు 18 కిలోవాట్లు, అంటే 3 శాతం. వెనక్కి మళ్లిపోయే వెలుగు మరో 5 శాతం. మిగిలింది 92. లెక్క అణా పైసలతో సహా సరిపోయింది. పోయింది లెక్క కాదు, ఆ 480.

ఫోముకూ గాలికీ ఒకే ఉష్ణోగ్రత అన్న క్షణమే, లోపలికొచ్చే 35 డిగ్రీల గాలి ముందు వరుస ఫోముని కూడా తన దగ్గరికి లాగేస్తుంది. ముఖం చల్లగా, వెనక వేడిగా ఉండటం, అంటే వాల్యూమెట్రిక్ ఎఫెక్ట్ అని అందరూ చెప్పుకునేది, ఆ మోడల్‌లో ఊరికే వచ్చేస్తుంది. దానికోసం కొన్ని దశాబ్దాలుగా రిసీవర్లు కడుతున్నారు. స్పెయిన్‌లోని అల్మేరియాలో 1990లలో తీగ వలలతో, తర్వాత సెరామిక్ తేనెపట్టు దిమ్మెలతో చేశారు. జర్మనీలోని యూలిష్‌లో 60 మీటర్ల టవర్ మీద దాదాపు 22 చదరపు మీటర్ల రిసీవర్ పెట్టి 1.5 మెగావాట్ల కరెంటు ప్లాంటు నడిపారు. ఇంత చేసినా చాలావరకు ముందు ముఖం బయటికొచ్చే గాలికంటే వేడిగానే ఉంటోంది. మోడల్ దాన్ని సునాయాసంగా ఇచ్చిందంటే ముందు మోడల్‌నే అనుమానించాలి.

కోడ్ మళ్లీ తెరిచేముందు కాగితం మీద రెండు పొడవులు లెక్కకట్టండి. ఈ విషయంలో నాకు వీటికంటే ముఖ్యమైనవి లేవు.

మొదటిది, వెలుగు ఎంత లోతుకి దిగుతుందన్నది. జామెట్రిక్ ఆప్టిక్స్ ప్రకారం ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియెంట్‌కి (లోతుతో వెలుగు తగ్గే రేటుకి) వాడే సులువైన సూత్రం: మూడుని ఘనభాగంతో, అంటే ఒకటిలోంచి పోరోసిటీ తీసేసిన దానితో, గుణించి రంధ్రం వ్యాసంతో భాగించాలి. మీ ఫోముకి 3 × 0.15 ÷ 0.0015 = మీటరుకు 300. దీన్ని తిరగేస్తే 3.3 మి.మీ. వెలుగులో మూడింట రెండు వంతులు ఈ 3.3 మి.మీ. దాటకముందే ఆగిపోతుంది. హీలియోస్టాట్ల (ఎండని టవర్ మీదికి తిప్పే అద్దాల) నుంచి వచ్చే కిరణాలు ఏటవాలుగా తగులుతాయి కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. సగటు కోణం 40 డిగ్రీలైతే 2.5 మి.మీ.

రెండోది, ఫోము వేడిని గాలి ఎంత దూరంలో అందుకుంటుందన్నది. గాలి ప్రవాహాన్ని స్పెసిఫిక్ హీట్‌తో గుణించి, వాల్యూమెట్రిక్ హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియెంట్‌తో (ఘనపు మీటరు ఫోము ఒక్కో డిగ్రీ తేడాకి గాలికిచ్చే వేడితో) భాగించాలి. యూనిస్, విస్కాంటా 1993లో సెరామిక్ ఫోముల మీద కొలిచి ఇచ్చిన సూత్రంలో మీ కొలతలు పెడితే, 900 కెల్విన్ల దగ్గర రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహపు జోరుకి కొలత) 29, నస్సెల్ట్ సంఖ్య (వేడి మార్పిడికి కొలత) 3.8 వస్తాయి. దాన్నుంచి కోఎఫిషియెంట్ ఘనపు మీటరుకు, డిగ్రీకి సుమారు 1 లక్ష వాట్లు. అప్పుడు 0.78 × 1100 ÷ 1,00,000 అంటే 8 మి.మీ. పైచిలుకు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వెలుగు 3 మి.మీ.లో దిగిపోతోంది, గాలి దాన్ని అందుకోవడానికి 8 మి.మీ. కావాలి. మధ్యలో వేడి ఎక్కడికి పోతుంది? ముందు పొరలోనే పేరుకుంటుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది కడప బండని తలచుకోండి. లోపలికి పోవడానికి దారి చాలక పైపొర భగ్గుమంటుంది. ఫోము చూడటానికి ఎండిన బీరపీచులా ఉన్నా, ఈ కొలతలతో మీది బండకే దగ్గర.

ఎంత పేరుకుంటుందో కూడా ఒక్క లైనులో తేలుతుంది. ముఖం దగ్గర వేడి పుట్టే రేటు 600 కిలోవాట్లు × 300, అంటే ఘనపు మీటరుకు 180 మెగావాట్లు. దాన్ని లక్షతో భాగిస్తే ఫోముకీ గాలికీ తేడా 1800 డిగ్రీలు! నిజంగా అంత ఉండదు. ఫోము లోపలి కండక్షన్, ఒక గోడ ఇంకో గోడకి ప్రసరించే రేడియేషన్, ముఖం నుంచి బయటికి పోయేది, ఈ మూడూ దాన్ని దించుతాయి. మీ కొలతలకి ముఖం 900 నుంచి 1100 మధ్య స్థిరపడుతుందని నా అంచనా. ఫోముకీ గాలికీ వేరువేరు ఉష్ణోగ్రతలు పెట్టి చేశాక కూడా ముఖం 500 దగ్గర వస్తే కోడ్‌లో తప్పుంది. 1600 దాటితే ఫోము లోపలి రేడియేషన్ వదిలేశారని అర్థం.

ఆ 900, 1100ల తేడా చిన్నదేం కాదు. 900 దగ్గర ముఖం వెదజల్లేది చదరపు మీటరుకు 107 కిలోవాట్లు, 1100 దగ్గర 201. మీ 600లో ఎఫిషియెన్సీ 77 నుంచి 61కి పడిపోతుంది. అదే గాలి ప్రవాహానికి మొదటి సందర్భంలో బయటికొచ్చేది 600 డిగ్రీల లోపు, రెండోదాంట్లో 490 దాటదు. పిండి కొద్దీ రొట్టె. 700 డిగ్రీలే కావాలంటే గాలిని 0.65కి తగ్గించాలి. తగ్గిస్తే ముఖం ఇంకా వేడెక్కుతుంది, నష్టం ఇంకా పెరుగుతుంది. ఈ ముడి విప్పడమే రిసీవర్ డిజైన్.

రంధ్రం పెద్దది చేస్తే వెలుగు లోతుకి దిగుతుంది కదా అని చాలామంది అటు పోతారు. దిగే లోతు రంధ్రం వ్యాసానికి సరిసమానంగా పెరుగుతుంది, నిజమే. కానీ గాలి అందుకునే దూరం వ్యాసానికి దాదాపు ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది. పోటీలో ఇంకా వెనకబడతారు. సరైన దారి రంధ్రాన్ని చిన్నగానే ఉంచి పోరోసిటీ పెంచడం. 0.93 పోరోసిటీ, అదే 1.5 మి.మీ. రంధ్రం పెడితే వెలుగు 7 మి.మీ. దిగుతుంది, 8కి దగ్గరగా వచ్చేశారు. అయితే అంత పలుచటి సిలికాన్ కార్బైడ్ ఫోము పెళుసు. చేత్తో అంచు నొక్కితే రాలిపోయే ముక్కని టవర్ మీద రోజూ వేడెక్కించి చల్లార్చాలి. థీసిస్‌లో ఈ మాట తప్పక రాయండి.

ఇక మోడల్. ఘనానికి (ఫోముకి) ఒక ఎనర్జీ సమీకరణం, గాలికి ఒకటి. రెంటినీ కలిపేది ఆ కోఎఫిషియెంట్ × ఉష్ణోగ్రతల తేడా. గాలి గుణాలని 300 కెల్విన్ల దగ్గర స్థిరంగా పెట్టకండి. 300 నుంచి 1000 కెల్విన్లకి పోతే స్నిగ్ధత, కండక్టివిటీ రెండూ రెట్టింపు దాటతాయి, స్పెసిఫిక్ హీట్ 1007 నుంచి 1141కి పెరుగుతుంది. ఘనం వైపు కండక్టివిటీకి ఘనభాగం × పదార్థపు విలువ ÷ 3 సరిపోతుంది. పదార్థానికి 40 తీసుకుంటే మీ ఫోముకి 2 వస్తుంది. కానీ ఈ ఫోముల్ని పాలీయురేథేన్ స్పాంజి మీద సెరామిక్ పూతపూసి, స్పాంజిని కాల్చేసి చేస్తారు కాబట్టి ఫోము పుల్లలు లోపల బోలుగా ఉంటాయి. అందుకే 2 పై అవధి. ఒకటితో కూడా ఒక రన్ చేసి చూడండి.

రేడియేషన్‌ని రెండు ముక్కలు చేయడం తప్పనిసరి. సూర్యుడి నుంచి వచ్చే వెలుగు ఒక దిశతో వస్తుంది. దాన్ని బీర్–లాంబర్ట్ ప్రకారం లోతుతో తగ్గించుకుంటూ పోయి, పీల్చుకున్న భాగాన్ని ఘనం సమీకరణంలో సోర్స్‌గా పెట్టండి. వేడెక్కిన ఫోము తనంతట వెదజల్లేది అన్ని దిశల్లో ఉంటుంది. దానికి పీ-1 పద్ధతి (అన్ని దిశల రేడియేషన్‌నీ కలిపి ఒకే సమీకరణంతో లెక్కించేది) చాలు. మీ ఫోము ఆప్టికల్ మందం 300 × 0.05 అంటే 15, పీ-1కి హాయిగా సరిపోయేంత. చెల్లాచెదురైన సూర్యకాంతి కూడా ఈ పీ-1లోకే సోర్స్‌గా వెళ్లాలి. రోసెలాండ్ మటుకు ముఖం దగ్గర పనికిరాదు. లోపల ఎక్కడో 1200 కెల్విన్ల దగ్గర అది 1.7 కండక్టివిటీకి సమానమైన విలువ ఇస్తుంది, అక్కడ నమ్మొచ్చు. కానీ మీ ఎఫిషియెన్సీ తేలేది మొదటి 5 మి.మీ.లో, సరిగ్గా అది తప్పే చోట.

బౌండరీల దగ్గర జరిగే పొరపాట్లు ఎప్పుడూ ఇవే. సూర్యకాంతిని సోర్స్‌గా లోపల పెట్టి, ముఖం మీద ఫ్లక్స్‌గా కూడా పెడతారు. అప్పుడు ఎండ రెట్టింపైనట్టే. బయటికి పోయే రేడియేషన్‌ని మొదటి సెల్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో లెక్కిస్తారు. నిజానికి అది మొదటి కొన్ని మి.మీ. లోతు నుంచి కలిసి వస్తుంది కాబట్టి పీ-1 ముఖం దగ్గర ఇచ్చే నికర ఫ్లక్స్‌నే తీసుకోవాలి. వెనక ముఖం 35 డిగ్రీల వాతావరణాన్ని చూస్తోందని పెడతారు. అక్కడున్నది వేడిగాలి గది, దాని గోడలు గాలంత వేడిగా ఉంటాయి. గాలి లోపలికొచ్చే చోట ఉష్ణోగ్రతని బిగించేయకుండా ఎంథాల్పీ ప్రవాహాన్ని (గాలి మోసుకొచ్చే వేడిని) బిగించండి. లేకపోతే గాలి కండక్షన్ ద్వారా ముందుకి కారిన వేడి లెక్కలోంచి మాయమవుతుంది.

మెష్ గురించి. మొదటి సెల్ 0.05 మి.మీ., అక్కడి నుంచి 1.05 చొప్పున పెంచుకుంటూ పొండి. 50 మి.మీ.కి 81 సెల్స్ చాలు. మీ అంకెలు కదలకపోవడానికి ఒక కారణం మీరు గాలి బయటి ఉష్ణోగ్రతని చూస్తూ ఉండటం. నష్టాలు స్వల్పంగా ఉన్న మోడల్‌లో అది ఎనర్జీ బ్యాలెన్స్ నుంచే వచ్చేస్తుంది, పది సెల్స్‌తో చేసినా అదే వస్తుంది. చూడాల్సింది ముఖం దగ్గరి ఘనం ఉష్ణోగ్రత. సెల్స్ రెట్టింపు చేస్తే అది 2 డిగ్రీలకంటే మారకూడదు.

నాలుగో ఘాతం వల్ల సాల్వర్ ఎగిరిపడుతుంది. పాత ఉష్ణోగ్రత చుట్టూ దాన్ని సరళరేఖగా మార్చండి: నాలుగు × పాత విలువ మూడో ఘాతం × కొత్త విలువ, అందులోంచి మూడు × పాత విలువ నాలుగో ఘాతం తీసేయాలి. రిలాక్సేషన్ (ఒక్కో దఫా మార్పులో తీసుకునే వంతు) 0.3 దగ్గర మొదలుపెట్టండి. ముందు స్థిరమైన గుణాలతో నడిపి, ఆ జవాబు నుంచే మారే గుణాలతో నడపండి. పైథాన్‌లో రాసిన ఒక డైమెన్షన్ కోడ్‌కి ఇది సెకన్ల పని. ముందే ఓపెన్‌ఫోమ్, ఫ్లూయెంట్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లకి పోవద్దు. అక్కడ ఏ బటన్ ఏం చేసిందో తెలియక తప్పు దాక్కుంటుంది. చివరికి వచ్చిన ఎండ = గాలి మోసుకెళ్లింది + వెనక్కి మళ్లింది + ముఖం వెదజల్లింది + వెనక నుంచి పోయింది, ఈ తేడా 0.1 శాతం లోపు ఉండాలి.

రంధ్రం కొలత దగ్గర ఇంకో గోతి ఉంది. అమ్మేవాళ్లు అంగుళానికి 20 రంధ్రాలు అంటే 1.27 మి.మీ. అని లెక్కేస్తాం, కానీ అది సరుకు పేరు మాత్రమే, కొలత కాదు. ఒక సూత్రం కిటికీ (రెండు ఖాళీల మధ్య తెరుపు) వ్యాసాన్ని తీసుకుంటుంది, ఇంకోటి గది (లోపలి ఖాళీ) వ్యాసాన్ని. వేగం కూడా అంతే, ఒకరు ఖాళీ పైపు వేగం వాడతారు, ఒకరు రంధ్రాల్లోని వేగం. యూనిస్, విస్కాంటా సూత్రంలో శాంపిల్ మందం కూడా ఉంటుంది కాబట్టి వాళ్లు కొలిచిన హద్దులు దాటి దాన్ని లాగకూడదు. ముక్కని స్కేలు పక్కన పెట్టి ఫోన్ కెమెరాతో ఫొటో తీసి, ఓ 50 రంధ్రాలు కొలిచి సగటు తీయండి. గంట పని.

ప్రెషర్ డ్రాప్‌ని మాత్రం సూత్రం నుంచి తీసుకోకండి, కొలవండి. అనంతపురంలోనే చేయొచ్చు. ఇనుము పోత పోసే ఫౌండ్రీల్లో కరిగిన లోహాన్ని వడగట్టడానికి వాడే ఫిల్టర్లు సిలికాన్ కార్బైడ్ ఫోములే, 22 మి.మీ. మందంలో సులువుగా దొరుకుతాయి. గుండ్రటివి రెండు తీసుకుని, బోరు పనులకి వాడే పీవీసీ పైపులో సరిపోయే సైజు ఎంచుకుని, ఒకదాని వెనక ఒకటి బిగించండి. ముక్కకీ పైపుకీ మధ్య సందులోంచి గాలి జారిపోవడమే ఇక్కడ జరిగే అసలు తప్పు. ఫోము అంచుచుట్టూ టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి, నొక్కితేగాని దిగనట్టు ఉండాలి. ముక్కకి ముందు పైపు వ్యాసానికి పది రెట్లు తిన్నటి పైపు ఉంచండి. బ్లోయర్‌కి డిమ్మర్ పెట్టి సెకనుకి 0.3 నుంచి 2 మీటర్ల వరకు ఎనిమిది వేగాలు తీసుకోండి.

సెకనుకి ఒక మీటరు దగ్గర మీకొచ్చేది కొన్ని పదుల పాస్కల్స్, అంటే నీటి మట్టంలో నాలుగైదు మి.మీ. నిలువు మానోమీటర్‌లో అది కంటికి ఆనదు. గొట్టాన్ని ఐదుకి ఒకటి వాలుగా పడుకోబెడితే 20 మి.మీ. పైగా కదులుతుంది. తర్వాత డ్రాప్‌ని మందంతోనూ వేగంతోనూ భాగించి, వేగానికి ఎదురుగా గ్రాఫ్ గీయండి. సరళరేఖ రావాలి. అది నిలువు అక్షాన్ని తాకే చోటు నుంచి పర్మియబిలిటీ (ఫోము గాలికి ఎంత దారిస్తుందన్నది), వాలు నుంచి ఫోర్క్‌హైమర్ గుణకం (వేగం వర్గంతో పెరిగే అడ్డు) వస్తాయి. రేఖ వంగితే టేపు దగ్గర గాలి పోతోందన్నమాట.

ఆ రెండు అంకెలు ఎందుకంత ముఖ్యమంటే, టవర్ మీద ఫ్యాను మీ కోసం ప్రతి చోటా 0.78 పంపదు. అది రిసీవర్ అంతటా ఒకే పీడనం తేడా ఇస్తుంది. ఎండ ఎక్కువ పడిన చోట గాలి పలుచబడి, స్నిగ్ధత పెరిగి, అక్కడే ప్రవాహం తగ్గుతుంది. ప్రవాహం తగ్గితే ఇంకా వేడి. డార్సీ భాగమే (వేగంతో సరిసమానంగా పెరిగే అడ్డే) ఎక్కువైతే ప్రవాహం ఉష్ణోగ్రత 1.7 ఘాతానికి విలోమంగా పడుతుంది. గాలి మోసుకెళ్లే వేడి ఆ లెక్కన 475 డిగ్రీల దగ్గర గరిష్ఠానికి చేరి, ఆపైన తగ్గడం మొదలవుతుంది. అంటే అంతకుమించి వేడెక్కిన చోటుని గాలి చల్లబరచలేదు, అది పగిలేదాకా పోవచ్చు. ఫోర్క్‌హైమర్ భాగం ఎక్కువైతే ప్రవాహం వర్గమూలం చొప్పునే పడుతుంది, మోసుకెళ్లే వేడి పెరుగుతూనే ఉంటుంది, రిసీవర్ నిలకడగా ఉంటుంది. సన్నటి తిన్నటి కాలువలుండే తేనెపట్టు దిమ్మెలకంటే ఫోముకి ఇక్కడ మొగ్గుంది. దిమ్మెల రిసీవర్లలో దిమ్మెని పట్టే ఒక్కో కప్పు వెనక వేరువేరు సైజు ఆరిఫిస్‌లు (చిల్లు బిళ్లలు) బిగించి గాలిని పంచుతారు. మీ మోడల్‌లో ప్రవాహానికి బదులు పీడనం తేడా ఇచ్చి, ఎండని 400, 600, 800 మార్చి చూడండి. ఒకే పీడనానికి రెండు జవాబులు వచ్చినా కంగారుపడకండి, అది బగ్ కాకపోవచ్చు.

అనంతపురం అంకెలు. ఊరు సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తు, గాలి పీడనం 97.4 కిలోపాస్కల్స్ దగ్గర తీసుకోండి. సాంద్రత 4 శాతం తక్కువ, అదే మాస్ ప్రవాహానికి ప్రెషర్ డ్రాప్ అంతే ఎక్కువ. ఎండకి కర్నూలు గని–శకునాల పార్కు లాంటి ఫలకాల ప్లాంట్ల ఉత్పత్తి లెక్కలు వాడొద్దు. అవి చెదిరిన వెలుగుని కూడా పట్టుకుంటాయి, టవర్‌కి కావాల్సింది సూర్యుడి నుంచి నేరుగా వచ్చే డీఎన్ఐ ఒక్కటే. జూన్ నుంచి ఆగస్టు వరకు మబ్బులు కమ్మినా ఫలకాలు కొంత పనిచేస్తాయి, టవర్ ఆగుతుంది. జిల్లాలోనే నాగలాపురం దగ్గర 2014లో మొదలైన 50 మెగావాట్ల ప్లాంటు ఉంది కానీ అది అద్దాల తొట్లలో నూనె వేడిచేసే రకం. ఆ నూనె 400 డిగ్రీలు దాటకూడదు, కాబట్టి దాని ఎఫిషియెన్సీని మీ రిసీవర్‌తో పోల్చడం కుదరదు. గంటగంటకూ డీఎన్ఐ నాసా పవర్ నుంచి ఉచితంగా దొరుకుతుంది. దాని గడులు పెద్దవి, ఏడాది సగటుకే నమ్మండి, ఒక రోజు మబ్బు లెక్కకి కాదు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ నడిపే సౌర కొలత కేంద్రాల డేటాని మీ కాలేజీ ద్వారా అడిగి చూడండి.

ఆషాఢ మాసపు గాలిని మరిచిపోకండి. ఇలాంటి రిసీవర్లలో వేడి వాడుకున్నాక మిగిలిన వెచ్చటి గాలిని ముఖం ముందుకి తిప్పి పంపుతారు; తెరిచి ఉన్న రిసీవర్ ముందు గాలి జోరుగా ఉంటే అది చెదిరిపోతుంది. 150 డిగ్రీల గాలిలో 60 శాతం తిరిగి లోపలికొస్తే ఫోముకి తగిలేది 104 డిగ్రీల గాలి, ఒక్క చుక్కా రాకపోతే 35. ఇన్‌లెట్ ఉష్ణోగ్రతకి ఈ రెండు కొసలూ నడపండి. ఎర్రమట్టి దుమ్ము అద్దాల మీద పేరుకుంటే మీ 600 కిలోవాట్ల ఎండ తగ్గుతుంది, దానికో గుణకం పెడితే చాలు.

రెండు ఉష్ణోగ్రతల మోడల్ నడిచాక మొదటి 15 మి.మీ.లో ఘనం, గాలి ఉష్ణోగ్రతలు రెండూ ఒకే గ్రాఫ్ మీద గీసి పెట్టండి. దాంతోపాటు ముఖం నుంచి పోయే నికర రేడియేషన్, ఎనర్జీ బ్యాలెన్స్ తేడా, మీరు కొలిచిన పర్మియబిలిటీ, ఫోర్క్‌హైమర్ గుణకం. ఈ నాలుగు అంకెలుంటే ఏది పొసగలేదో చూసి చెప్పొచ్చు.